రహీం సాబ్: మైదానంలో ఒక బడిపంతులు

2024లో వచ్చిన ‘మైదాన్’ అనే హిందీ చిత్రం చూసిన మిత్రులకు సయ్యద్ అబ్దుల్ రహీం పేరు కొత్త కాదు. చూడనివారి కోసం క్లుప్తంగా చెబుతాను. 1950 నుండి 1963లో కన్నుమూసే వరకు భారత ఫుట్‌బాల్ జట్టుకు శిక్షకుడు. ఆసియా క్రీడల్లో ఆ ఆటకు మన దేశం గెలుచుకున్న రెండు బంగారు పతకాలూ ఆయన చేతి చలువే. హైదరాబాదు మనిషి. ఇంతవరకు చాలామందికి తెలుసు. ఆయన వృత్తిరీత్యా బడిపంతులు అన్న సంగతిని మాత్రం రాసేవారు ఒక వాక్యంలో చెప్పి దాటిపోతుంటారు. సినిమాకు కావలసింది శిక్షకుడు కనుక దానిని తప్పుపట్టను. నాకు మాత్రం ఆ దాటేసిన వాక్యం దగ్గరే ఆగాలనిపించింది.

తెలుగు పండితునికి ఫుట్‌బాల్‌తో ఏం పని అని మీరు నవ్వవచ్చు. పని ఉంది. జనగామలో, మహబూబాబాదులో, భూపాలపల్లిలో ముప్పై ఏళ్లకు పైబడి తెలుగు చెప్పాను. మూడు ఊళ్లూ మూడు రకాలు. జనగామ రైలు దారి మీది ఊరు, పట్నానికి దగ్గర. మానుకోట (మహబూబాబాదును మేమంతా అలాగే అంటాం) తండాల పిల్లలతో నిండిన ఊరు. భూపాలపల్లి బొగ్గుగనుల ఊరు. అక్కడి పిల్లలకు తండ్రి ఏ షిఫ్టులో ఉన్నాడో చూసుకొని హోంవర్కు ఇవ్వాలి. ఊళ్లు వేరైనా స్టాఫ్‌రూము మాత్రం ఒక్కటే. బల్ల పైవైపున లెక్కలు, సైన్సు, ఇంగ్లీషు. కింది కొసన తెలుగు పండితుడు, హిందీ పండితుడు, డ్రిల్ సారు. ఇది ఎవరో పనిగట్టుకొని చేసిన ఏర్పాటు కాదు. ఉద్యోగపు మెట్లే అలా ఉండేవి. భాషాపండితులూ వ్యాయామోపాధ్యాయులూ స్కూల్ అసిస్టెంట్ల కన్న ఒక మెట్టు కింద చేరి, చాలామంది అక్కడే పదవీ విరమణ చేసేవారు. ఏళ్లతరబడి వినతిపత్రాలు, ధర్నాలు, కోర్టులు అయిన తరువాత తెలంగాణలో ఆ పోస్టుల స్థాయి పెరిగి పదోన్నతులు చేతికి వచ్చేసరికి 2024 అయింది. నాబోటివాళ్లు అప్పటికే ఇంట్లో కూర్చున్నాం. కనుక డ్రిల్ సార్లు నాకు బల్ల కొసన చుట్టాలు.

మానుకోటలో నాతో పనిచేసిన ఒక డ్రిల్ సారు ఉండేవారు. మొదటి గంట కొట్టకముందే వచ్చి, అడుగున చిల్లులు పొడిచిన డబ్బాలో సున్నం పోసుకొని ఖోఖో గీతలు వేసేవారు. తరువాత ప్రార్థన, వరుసలు, ఆలస్యంగా వచ్చినవాళ్ల లెక్క; ఎవరైనా టీచరు రాకపోతే ఆ తరగతి; మధ్యాహ్న భోజనం వచ్చాక గుడ్ల లెక్క; జనవరి వచ్చిందంటే మార్చ్‌పాస్టు. ఇన్ని పనుల నడుమ ఆయన అసలు పని అయిన డ్రిల్ పీరియడును పరీక్షల ముందు లెక్కల సారో సైన్సు సారో అడిగి తీసుకునేవారు. ఒకసారి నాతో అన్నారు: “సార్, మీ పద్యం ఎవ్వలు ఎత్తుకపోరు. నా పీరియడైతే అందరికి కావాలె!” ఆయన దోమలగూడలోని ప్రభుత్వ వ్యాయామ విద్యా కళాశాలలో చదివి వచ్చినవారు. రహీం సాబ్ పేరు నేను మొదట విన్నది ఆయన నోటనే. దేశమంతా తిరిగినా చివరిదాకా బడి పద్ధతే వాడిన మనిషి అని ఆయన చెప్పిన మాట అప్పుడు పెద్దగా పట్టలేదు. విశ్రాంత జీవితంలో తీరిక దొరికి, రహీం గురించి దొరికినవన్నీ చదివాక ఆ మాట విలువ తెలిసింది.

రహీం 1909 ఆగస్టు 17న హైదరాబాదులో జన్మించారు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో బి.ఎ. చదివారు. ఉన్నతవిద్యను ఉర్దూ మాధ్యమంలో బోధించిన విశ్వవిద్యాలయం అది. దేశభాషలో పట్టభద్రులైన తొలితరాల్లో ఆయన ఒకరన్నమాట. విద్యార్థిగా విశ్వవిద్యాలయ జట్టుకు ఆడారు. చదువు ముగిశాక కాచిగూడ మిడిల్ స్కూల్లో ఉపాధ్యాయుడుగా చేరారు. తరువాత ఉర్దూ షరీఫ్ స్కూల్, దారుల్ ఉలూం హైస్కూల్, చాదర్‌ఘాట్ హైస్కూల్ వరుసగా ఆయన పనిచేసిన చోట్లు. నడుమ వ్యాయామవిద్యలో డిప్లొమా చేసి, చివరి రెండు బళ్లలో ఆటల బాధ్యత చేపట్టారు. తరగతి గదిలో పాఠం చెప్పే ఉద్యోగం వదులుకొని ఎండలో నిలబడే ఉద్యోగానికి కోరి వెళ్లడమంటే ఏమిటో బల్ల కొసన కూర్చున్నవాళ్లకు తెలుస్తుంది.

1943లో హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘానికి ఎస్.ఎం. హాదీ అధ్యక్షులయ్యారు, రహీం కార్యదర్శి అయ్యారు. హాదీ సామాన్యుడు కాడు. రంజీ ట్రోఫీలో మొట్టమొదటి శతకం కొట్టినవాడు, టెన్నిస్‌లో డేవిస్ కప్పు ఆడినవాడు. ఏడు ఆటల్లో దిట్ట కనుక ‘రెయిన్‌బో హాదీ’ అనేవారు. ఆ పెద్దమనిషి హోదా, ఈ బడిపంతులి ఓపిక కలిశాయి. రహీం ఆ కార్యదర్శి పదవిలో చనిపోయేవరకు ఉన్నారు. ఇరవై ఏళ్లు! హైదరాబాదు ఫుట్‌బాల్‌కు ఆ ఇరవై ఏళ్లే స్వర్ణయుగం.

ఇక ఆయన బోధన. ఈ వ్యాసం రాయడానికి నన్ను పురికొల్పింది ఇదే కనుక కొంచెం వివరంగా చెబుతాను, ఓపిక పట్టండి.

రహీం కుర్రవాళ్లకు కొన్ని విచిత్రమైన పోటీలు పెట్టేవారు. ఒక పోటీలో ఆటగాడు తనకు అలవాటులేని కాలితోనే బంతిని తన్నాలి. కుడికాలివాడు ఎడమకాలితో, ఎడమకాలివాడు కుడికాలితో. ఇంకొక పోటీలో డ్రిబ్లింగ్ నిషిద్ధం. బంతి అందగానే వెంటనే ఎవరికో ఒకరికి ఇచ్చేయాలి, కాళ్ల దగ్గర ఉంచుకొని విన్యాసాలు చేయరాదు. ఎత్తును బట్టి చిన్నపిల్లలకు విడిగా పోటీలు కూడా ఉండేవి. పెద్ద ఒంటివాడు చిన్న ఒంటివాణ్ణి తోసి గెలిస్తే ఇద్దరిలో ఎవడికీ ఆట రాదు కదా.

డ్రిబ్లింగ్ లేని పోటీ ఏం నేర్పుతుంది? బంతి వచ్చాక ఆలోచిస్తే సమయం చాలదు. కనుక రాకముందే తల తిప్పి, తనవాడు ఎక్కడున్నాడో చూసుకోవాలి. బంతి లేనివాడు ఊరికే నిలబడితే బంతి ఉన్నవాడికి దారి దొరకదు. కనుక పదిమందీ కదలాలి. ‘జట్టుగా ఆడండి’ అని ఏడాదంతా ఉపన్యసించినా రాని గుణం, ఆ ఒక్క నియమంతో నెలలో వస్తుంది. మా ఛందస్సు పాఠం కూడా ఇటువంటిదే. పిల్లవాడికి పద్యం రాయమని చెబితే రాయలేడు. యతి ఒక్కటి చూసుకొమ్మంటే నాలుగు పాదాలు రాస్తాడు, మరునాడు ప్రాస కలుపుతాడు. ఆ సంకెల వల్లనే అతడు ఇంతవరకు వాడని మాటను వెదుక్కుంటాడు. యతి కోసం నిఘంటువు తెరిచిన పిల్లవాడూ, నిషేధం వల్ల ఎడమకాలు వాడిన పిల్లవాడూ నా లెక్కలో ఒక్క తరగతివాళ్లే. ఈ పద్ధతి రహీంకు ఏ విదేశీ గ్రంథం వల్ల అబ్బిందో అని కొందరు వెదుకుతారు. నలభైమంది పిల్లలను, ఒక్క బంతిని, ముప్పావుగంట పీరియడును చేతికిచ్చి నిలబెడితే ఏ మంచి ఉపాధ్యాయుడైనా ఇటువంటి ఉపాయాలే కనిపెడతాడని నా నమ్మకం.

ఫలితాలు త్వరగా చెప్పుకుందాం. 1950లో ఆయన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టును చేపట్టారు. ఆ జట్టు బొంబాయిలో జరిగే రోవర్స్ కప్పును 1950 నుండి 1954 వరకు వరుసగా ఐదేళ్లు గెలిచింది. 1951 మార్చిలో ఢిల్లీలో జరిగిన తొలి ఆసియా క్రీడల్లో మేవాలాల్ చేసిన ఒకే ఒక్క గోలుతో ఇరాన్‌ను ఓడించి భారత్ స్వర్ణం గెలిచింది. మరుసటి ఏడాది హెల్సింకి ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో 10-1 తేడాతో చిత్తయింది. మనవాళ్లలో పలువురు అక్కడ ఉత్తకాళ్లతో ఆడారు. ఆ పరాభవం తరువాతనే దేశంలో బూట్లు తప్పనిసరి అయ్యాయి. సంతోష్ ట్రోఫీని హైదరాబాదు 1956-57, 1957-58లలో వరుసగా రెండుసార్లు తెచ్చుకుంది.

1956 మెల్‌బోర్న్ సంగతి వేరు. అక్కడ భారత్ ఆస్ట్రేలియాను వారి గడ్డమీదనే 4-2తో ఓడించింది. నెవిల్ డిసౌజా మూడు గోళ్లు చేసి, ఒలింపిక్స్‌లో హ్యాట్రిక్ సాధించిన తొలి ఆసియావాసి అయ్యాడు. సెమీఫైనల్‌లో యుగోస్లావియా, కాంస్యపతకపు పోరులో బల్గేరియా మనలను ఓడించగా నాలుగో స్థానంతో తిరిగివచ్చాం. ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో భారత్ అంతకు మించి ఎన్నడూ వెళ్లలేదు. ఆ జట్టులో నూర్ మహమ్మద్, అజీజుద్దీన్, అహ్మద్ హుస్సేన్, జుల్ఫికరుద్దీన్, బలరామ్ వంటి హైదరాబాదు, సికిందరాబాదు కుర్రాళ్లు ఎందరో. 1958లో బ్రెజిల్ ప్రపంచకప్పు గెలిచాక లోకానికంతటికీ తెలిసిన 4-2-4 వ్యూహాన్ని అంతకు ముందే రహీం మనవాళ్లతో ఆడించారని క్రీడాచరిత్ర రాసినవారు చెబుతారు.

బలరామ్ అన్నాను. తులసీదాస్ బలరామ్ సికిందరాబాదు దగ్గర అమ్ముగూడలో పుట్టిన పేదింటి పిల్లవాడు. ఆటలో మెరుపు చూసి రహీం శిక్షణకు రమ్మన్నారు. రావాలంటే రోజూ నగరం ఆ చివరనుండి ఈ చివరకు రావాలి, అద్దె సైకిలుకు డబ్బుల్లేవు. ఆ అద్దె డబ్బులు రహీం సాబే ఇచ్చేవారని బలరామ్ పెద్దవారయ్యాక చెప్పుకొనేవారు. చునీ గోస్వామి, పి.కె. బెనర్జీలతో కలిపి దేశం మూర్తిత్రయంగా చెప్పుకున్న ఆటగాడు ఆయన. 2023 ఫిబ్రవరిలో కన్నుమూశారు. సైకిలు అద్దె ఏ శిక్షణ గ్రంథంలోనూ ఉండదు. బడిలో అది మామూలు సంగతి. పరీక్ష ఫీజు కట్టలేనివాడికి ఎవరో ఒక సారు కట్టడం మా ఊళ్లలో నేను చూడని సంవత్సరం లేదు.

ఇక జకార్తా. 1962 ఆసియా క్రీడలకు ఇజ్రాయెల్, తైవాన్ క్రీడాకారులకు ఇండోనేషియా వీసాలివ్వలేదు. దానిని భారత క్రీడాప్రముఖుడు జి.డి. సోంధీ ఆక్షేపించారు. దానితో అక్కడి జనం మనవాళ్లపై కత్తిగట్టారు. ఫైనల్‌కు ముందురోజు, సెప్టెంబరు 3న, మన రాయబార కార్యాలయంపై దాడి జరిగింది. జట్టులో చూస్తే గాయాలు. మొదటి ఆటలోనే దక్షిణ కొరియా చేతిలో 2-0 ఓటమి. థాయిలాండ్‌తో ఆటలో రక్షణ పంక్తికి ఆయువుపట్టయిన జర్నైల్ సింగ్ తల పగిలి కుట్లు పడ్డాయి. తలకు దెబ్బ తగిలినవాణ్ణి వెనుక పంక్తిలో నిలబెట్టడం ప్రమాదం, పక్కన కూర్చోబెట్టడం నష్టం. రహీం ఏం చేశారు? వెనుకవాణ్ణి తీసుకెళ్లి ముందు పంక్తిలో పెట్టారు. దక్షిణ వియత్నాంతో సెమీఫైనల్‌లో జర్నైల్ గోలు చేశాడు. సెప్టెంబరు 4న దాదాపు లక్షమంది ఈలలు వేస్తూ గేలిచేస్తుండగా అదే దక్షిణ కొరియాతో ఫైనల్. మొదట పి.కె. బెనర్జీ, కాసేపటికి జర్నైల్ సింగ్ గోళ్లు వేశారు. 2-1తో స్వర్ణం మనదయింది. ఆ తరువాత ఇప్పటివరకు ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో మనకు స్వర్ణం లేదు.

అప్పటికే రహీం ఊపిరితిత్తుల్లో క్యాన్సరు ఉంది. తొమ్మిది నెలలు తిరిగేసరికి, 1963 జూన్ 11న ఆయన వెళ్లిపోయారు. ఏభై మూడేళ్లు. కుమారుడు సయ్యద్ షాహిద్ హకీం 1960 రోమ్ ఒలింపిక్ జట్టులో సభ్యుడు, వైమానిక దళంలో స్క్వాడ్రన్ లీడరు, అంతర్జాతీయ రిఫరీ. ఆయనకు 2017లో ధ్యాన్‌చంద్ పురస్కారం ఇచ్చారు, 2021లో మరణించారు. తండ్రికి మాత్రం ఏ పద్మమూ లేదు. శిక్షకులకిచ్చే ద్రోణాచార్య పురస్కారం పుట్టిందే 1985లో. రహీం పోయిన తరువాత హైదరాబాదు ఫుట్‌బాల్ కొన్నేళ్లు పాత ఊపుతో నడిచి, క్రమంగా చల్లబడింది. దానికి కారణాలు అనేకం చెబుతారు. బళ్ల నుండి ఆటగాళ్లు రావడం తగ్గిందన్నది వాటిలో చివరన వినిపిస్తుంది. నా దృష్టిలో అది మొదట రావలసింది.

మరి ఇదంతా పట్నపు కథ కదా, మా ఊళ్లకు ఏం సంబంధం అంటారేమో. ఆ రోజుల్లో సంబంధం లేదనే చెప్పాలి. రహీం కార్యదర్శిగా నగరంలో కుర్రవాళ్లకు పోటీలు పెడుతున్న కాలంలోనే, 1946 జూలై 4న, అప్పటికి నల్లగొండ జిల్లాలో ఉన్న జనగామ తాలూకా కడవెండిలో దొడ్డి కొమరయ్య తుపాకీ గుండుకు నేలకొరిగాడు. పాలకుర్తిలో ఐలమ్మ తన పంట కోసం దొరతో కలబడింది. బడే లేని ఊళ్లలో బంతి ఎక్కడిది? మా పల్లెలకు హైస్కూళ్లు, వాటితోపాటు డ్రిల్ సార్లు నెమ్మదిగా వచ్చింది ఆ తరువాతి దశాబ్దాల్లోనే.

గురువులను మేం గౌరవించమా అంటే, గౌరవిస్తాం. 2016లో భూపాలపల్లి జిల్లా ఏర్పడ్డప్పుడు దానికి ఆచార్య కొత్తపల్లి జయశంకర్ పేరు పెట్టుకున్నాం. ఆయన మా ప్రాంతపు పంతులే, కాకతీయ విశ్వవిద్యాలయానికి ఉపకులపతిగా కూడా పనిచేశారు. జనగామ దగ్గరి గూడూరులో పుట్టిన లెక్కల ఉపాధ్యాయులు చుక్కా రామయ్యగారు నల్లకుంటలో ఐఐటీ ప్రవేశపరీక్షకు తర్ఫీదు ఇవ్వడంతో ‘ఐఐటీ రామయ్య’ అయ్యారు. ఆయన పుణ్యమా అని మా వైపు తల్లిదండ్రుల నోట ‘కోచింగ్’ అన్న మాటకు ఐఐటీ అన్న అర్థమే మిగిలింది. తప్పు ఆయనది కాదు. ఎదిగే ఒళ్లున్న పిల్లలను ఎనిమిదో తరగతి నుండే గదిలో కూర్చోబెట్టిన మనదే. కొన్నిచోట్ల ఆటస్థలంలో అదనపు గదులు కట్టారు, మరికొన్నిచోట్ల ఆటస్థలం లేకుండానే బడికి అనుమతులొచ్చాయి. భూపాలపల్లిలో నా విద్యార్థులు వాలీబాల్ వలకు బదులు రెండు వేపచెట్ల నడుమ తాడు కట్టి ఆడేవారు. వాళ్ల ఆట చూసినప్పుడల్లా ఎవరైనా నేర్పితే ఎంత దూరం వెళ్లేవారో అనిపించేది.

నేర్పితే ఎంత దూరం వెళతారో చెప్పడానికి మాకు ఒక ఊరు ఉంది. మానుకోటకు అంత దూరమేమీ కాని, వరంగల్ జిల్లా పర్వతగిరి మండలంలోని కల్లెడ. అక్కడ రూరల్ డెవలప్‌మెంట్ ఫౌండేషన్ వారు నడిపే బడి ఉంది. ఆ బడిలో విల్లు పట్టిన వర్ధినేని ప్రణీత 2008లో బీజింగ్ ఒలింపిక్స్‌కు వెళ్లింది. ఆ ఊరి కూలీల ఇంటి పిల్ల జీవాంజి దీప్తి. నేర్చుకోవడంలో, మాట్లాడడంలో పుట్టుకతో వచ్చిన ఇబ్బందులున్న ఆమెను ఊళ్లో వెక్కిరించినవారు ఎందరో. ఆ పిల్ల పరుగును ముందుగా గమనించినవాడు బడిలోని వ్యాయామోపాధ్యాయుడు బియానీ వెంకటేశ్వర్లు. తరువాత ఆమెను చూసి, హైదరాబాదుకు పంపమన్నది 2016లో ద్రోణాచార్య పురస్కారం పొందిన శిక్షకుడు నాగపురి రమేశ్. పంపమన్నప్పుడు ఆ తల్లిదండ్రుల దగ్గర బస్సు ఛార్జీలకు కూడా డబ్బుల్లేవని పత్రికలు రాశాయి. బలరామ్ సైకిలు అద్దె నుండి దీప్తి బస్సు ఛార్జీల దాకా అరవై ఏళ్లకు పైనే గడిచాయి. 2024 మేలో జపాన్‌లోని కోబేలో దీప్తి 400 మీటర్ల టి20 విభాగంలో 55.07 సెకన్లతో ప్రపంచ రికార్డు నెలకొల్పింది. ఆ సెప్టెంబరులో పారిస్ పారాలింపిక్స్‌లో 55.82 సెకన్లతో కాంస్యం గెలిచింది. ప్రభుత్వం ఆమెకు కోటి రూపాయలు, గ్రూప్-2 ఉద్యోగం, వరంగల్‌లో ఇంటిస్థలం ప్రకటించింది. రమేశ్‌గారికి పది లక్షలు. అందరికీ న్యాయంగా అందవలసినవే.

కల్లెడ బడిలో ఆ పిల్ల పరుగును మొదట చూసిన సారు ఎవరో తెలుసుకుందామని ఆ రోజు పేపరు తీశాను. పేరు ఉంది. దానికోసం వార్తను చాలా కిందిదాకా చదవవలసి వచ్చింది.